తాళం పడ్డ చప్పుడు

"శుభవార్త అక్కా! మా తుకిరన్ కాళ్ళకి ఇప్పుడు గొలుసు లేదు. విప్పించి ఐదు వారాలయింది. వచ్చి చూడండి, నేను పంపిన ఫోటోలో మనిషని గుర్తుపట్టలేరు."

ఈ కబురు పంపిన మనిషి పేరు హర్జితో. కొండ మీద ఊళ్ళన్నిటికీ కలిపి ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఆయన నర్సు. వుర్యాని ఫోన్లో దాన్ని చదువుకునేసరికి కారు సున్నపురాళ్ళ కొండ మలుపులు తిరుగుతోంది. చదవగానే ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట "అయ్యో".

అది పక్కవాళ్ళెవరికీ వినపడలేదు. తనకి మాత్రం వినపడింది. పద్నాలుగేళ్ళు మేకల పాకలో గుంజకి కట్టి పడేసిన మనిషిని విడిపించారంటే అయ్యో అనుకునే ఆడది ఎలాంటిదో, తనూ అలాంటిదే అయిపోయిందన్నమాట. నోట్లో ఏదో చేదు ఊరింది. మింగేసింది.

వుర్యానిది ఇండోనేషియాలో మలాంగ్ పట్నం. ఇంగ్లీషు బాగా వచ్చు, జావా భాష ఏ ఊరికి ఆ ఊరి యాసలో మాట్లాడగలదు. విదేశాల నుంచి వచ్చే టీవీ వాళ్ళకి మనుషుల్ని వెతికిపెట్టడం, మాటలు అటూ ఇటూ చెప్పడం, కాగితాల మీద సంతకాలు పెట్టించడం ఆమె పని. పదకొండేళ్ళుగా అదే పని. ప్రపంచంలో ఎక్కడ ఏ ఘోరం జరుగుతోందో తవ్వి చూపించే డాక్యుమెంటరీలు వాళ్ళవి. చేపల పడవల మీద ఏళ్ళ తరబడి నేల తొక్కనివ్వకుండా పనిచేయించుకున్న కుర్రాళ్ళ కథ తీసినప్పుడు ఆమె అనువదించిన మాటల వల్లే ఒక పడవ యజమాని జైలుకి వెళ్ళాడు. ఆ రాత్రి ఆమె ఎన్నాళ్ళకో కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది. ఆ తర్వాత అలాంటి రాత్రి ఇంకొకటి రాలేదు. అయినా వస్తుందేమోనని పని మానలేదు.

కారు ముందు సీట్లో కొలిన్ నిద్రపోతున్నాడు. "ఎవరూ చూడని గదులు" అనే కార్యక్రమం ఆయనది. యాభై దాటాయి. తెర మీద ఎప్పుడు చూసినా వెలిసిపోయిన ఒకే నీలం చొక్కాలో ఉంటాడు, పాపం ఎంత కష్టపడి తిరుగుతున్నాడో అనిపించేలా. అలాంటి నీలం చొక్కాలు ఆయన పెట్టెలో నాలుగున్నాయి. రోజూ ఇస్త్రీ చేయించి, వేసుకునే ముందు చేత్తో నలుపుకుంటాడు. మొదటిసారి అది చూసినప్పుడు వుర్యాని నవ్వుకుంది. ఇప్పుడు ఆ చొక్కా చూస్తేనే ఒళ్ళు జలదరిస్తుంది.

వెనక సీట్లో ఆమె పక్కన కెమెరా ఒళ్ళో పెట్టుకుని యానిక్ కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి.

"విడిపించేశారట," అంది వుర్యాని.

"మంచిదేగా," అన్నాడు యానిక్. ముందు సీటు వైపు చూసి, "నువ్వే చెప్పు," అన్నాడు.

*

తుకిరన్ తల్లి సైనెమ్ ముసలమ్మ వాకిట్లో ఎదురుచూస్తోంది. తల మీద ముసుగు సర్దుకుని, రెండు చేతులతో వుర్యాని చెయ్యి పట్టుకుంది. వసారాలో చాప మీద ఉడకబెట్టిన కర్రపెండలం, అరటిపండు బజ్జీలు, వేరుశనక్కాయలు అప్పుడే సర్దిపెట్టి ఉన్నాయి. గాజు గ్లాసుల్లో పంచదార దండిగా వేసిన టీ.

"తినండి తల్లీ, ముందు తినండి. అంత దూరం నుంచి వచ్చారు. ఇడుగో, వీడే మావాడు."

వసారా చివర వెదురు బద్దలు చీలుస్తూ కోళ్ళగంప అల్లుతున్నాడు తుకిరన్. ముప్ఫై మూడేళ్ళుంటాయి. గళ్ళ చొక్కా, కొత్తది, మడత గీతలు ఇంకా పోలేదు. తలెత్తి చూసి నవ్వాడు. పళ్ళు సగం లేవు. కుడి చీలమండ చుట్టూ చర్మం మాత్రం చెట్టు బెరడులా నల్లగా మందంగా కాయకాసి ఉంది.

"ఇది నాలుగో గంప అక్కా," అన్నాడు. "మొదటిది కోడి కూడా ఒప్పుకోలేదు. పారిపోయింది."

వుర్యాని నవ్వింది. నిజంగానే నవ్వింది.

పందొమ్మిదేళ్ళప్పుడు అతనికి బుర్రలో ఎవరో మాట్లాడడం మొదలైంది. పక్కవాళ్ళ వరికుప్పకి నిప్పెట్టాడు. తండ్రి మీదికి పలుగెత్తాడు. ఊరి పెద్దలు కూర్చుని, పట్నం ఆసుపత్రి ఎక్కడో ఎవరికీ తెలియక, కట్టేయమన్నారు. కట్టింది సైనెమే. పద్నాలుగేళ్ళు రెండు పూటలా ఆ పాకలోకి అన్నం పట్టుకెళ్ళిందీ ఆవిడే. హర్జితో ఏడాదిపాటు నెలనెలా సూదిమందు పట్టుకుని మోటారు సైకిల్ మీద కొండెక్కి వచ్చి, ఊరివాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఒప్పించి, చివరికి గొలుసు విప్పించాడు.

కొలిన్ చాప మీద కూర్చోలేదు. గంపనీ, మనిషినీ, గళ్ళ చొక్కానీ చూశాడు. వుర్యాని మోచెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏంటిది?"

"దారిలో చెప్పానుగా. విడిపించారు."

"నిద్రలో ఉన్నవాడికి చెబితే చెప్పినట్టా? వుర్యా, నేను చానల్ వాళ్ళకి మాటిచ్చింది గొలుసులో ఉన్న మనిషిని చూపిస్తానని. గంపలల్లే మనిషిని కాదు."

"ఇదీ కథే కదా. నర్సు ఏడాది కష్టపడ్డాడు. మధ్యాహ్నానికి ఆయన కూడా వస్తాడు. పిల్లలకి టీకాలేయడానికి వెళ్ళాడు."

"నర్సుని ఎవరు చూస్తారు?" అన్నాడు కొలిన్. కోపంగా కూడా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు అన్నాడు. "ఇంకొకళ్ళని వెతకడానికి టైము లేదు. ఎల్లుండి విమానం. జరిగిందే మళ్ళీ చూపిద్దాం. పద్నాలుగేళ్ళు జరిగింది. అబద్ధం కాదుగా?"

"జరిగినదాన్ని మళ్ళీ చేసి చూపిస్తున్నామని తెర మీద రాస్తారా?"

"అది ఎడిటింగ్‌లో చూద్దాం."

ఆ "చూద్దాం" అర్థం వుర్యానికి పదకొండేళ్ళుగా తెలుసు. యానిక్‌కీ తెలుసు. అతను వసారా మెట్టు మీద కూర్చుని, గంప అల్లే చేతుల్ని అప్పటికే తీస్తున్నాడు. "ఇది బాగుంది కొలిన్," అన్నాడు తలెత్తకుండానే. ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడే వుర్యాని "నా వల్ల కాదు" అనేసి ఉంటే అక్కడితో పోయేది. అనలేదు. ఈ కార్యక్రమం పోతే తర్వాతి కార్యక్రమం పోతుంది. కొలిన్ ఎవరితోనైనా "ఆవిడతో కష్టం" అని ఒక్క ముక్క అంటే చాలు, ఫోన్లు ఆగిపోతాయి. ఆమె వసారాలోకి వచ్చి, ముసలమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, గొంతులో తేనె పోసుకుంది. ఆ గొంతు తనదే అయినా వింటుంటే తనకే రోత పుట్టింది.

"పెద్దమ్మా, వీళ్ళు చాలా దూరం నుంచి వచ్చారు. అప్పుడు ఎలా ఉండేదో ఒక్కసారి చూపిస్తే, మిగతా ఊళ్ళల్లో కట్టేసినవాళ్ళని కూడా విడిపిస్తారు."

"ఎలా చూపించడం తల్లీ?"

"పాకలో... గొలుసు ఒక్క పది నిమిషాలు..."

ముసలమ్మ చేతిలో టీ గ్లాసు ఆగింది. కొడుకు వైపు చూసింది. ఆ తర్వాత, "సరే," అంది.

ఆ కొండ మీద పెద్దవాళ్ళు సరే అన్నారంటే ఒప్పుకున్నారని కాదు. మీ మాట నా చెవిన పడింది, ఇంటికొచ్చిన వాళ్ళని కాదనలేకపోతున్నాను, ఇంక మీ ఇంగితం అని. ఆ సంగతి వుర్యానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయినా కొలిన్ వైపు తిరిగి, "ఒప్పుకుంది," అని ఇంగ్లీషులో చెప్పింది.

తుకిరన్ వెదురు బద్ద పక్కన పెట్టాడు. "మళ్ళీనా అక్కా?"

"ఉత్తుత్తినే తమ్ముడూ. టీవీ కోసం."

"ఎంతసేపు?"

"ఆ టీ చల్లారేలోపు అయిపోతుంది."

అతను టీ గ్లాసు వైపు చూశాడు. లోపల పెట్టి దాని మీద మూత పెట్టాడు, చల్లారకుండా.

*

పాకలో ఇప్పుడు మేకల్లేవు. సున్నం వేశారు. ఓ మూల మొక్కజొన్న కంకులు పేర్చి ఉన్నాయి. గుమ్మంలో నిలబడి కొలిన్ పెదవి విరిచాడు.

"ఇలా ఉండేది కాదుగా? మేకలెక్కడ?"

పక్కింటి పర్మిన్ దగ్గరికి వెళ్ళి మేకల్ని అడిగింది వుర్యానే. పర్మిన్ కత్తులూ కొడవళ్ళూ చేసే మనిషి. లవంగం సిగరెట్టు నోట్లోంచి తీయకుండా అంతా విన్నాడు.

"మేకలు సరే. ఇంకా?"

"కాస్త... పెంటికలు కూడా, బాబాయ్. నేల మీద చల్లడానికి."

"అబ్బో!" అన్నాడు పర్మిన్. "మా పెంటికలకి టీవీలో ఇంత గిరాకీ ఉందని తెలిస్తే మా పెళ్ళిచూపుల్లోనే చెప్పుకునేవాణ్ణి కదమ్మా. ఒసేయ్, విన్నావా, మన మేకలు విలాయత్ వెళుతున్నాయి!" లోపలున్న పెళ్ళానికి వినపడేలా అరిచి, మళ్ళీ గొంతు తగ్గించాడు. "వాడి గొలుసు విప్పిన రోజు ఊరంతా కలిసి కోడి కోసుకు తిన్నాం. అప్పుడు మీరు రాలేదేం, పట్నపమ్మాయ్?"

వుర్యాని మేకల తాళ్ళు పట్టుకుంది. పెంటికలు గోనెలో పర్మిన్ మోసుకొచ్చాడు గానీ, వాటిని శుభ్రం చేసిన నేల మీద చల్లింది ఆమే. కొలిన్ గుమ్మంలోంచి "ఇంకొంచెం ఎడంగా. గుంజ చుట్టూ చిక్కగా," అని చెబుతుంటే, పెళ్ళింట్లో ముగ్గు పెట్టినట్టు చల్లింది. ఆ తర్వాత కొలిన్ జేబులోంచి చిన్న సీసా తీసి, చేతులకి మందు రాసుకున్నాడు. ఆయన దేన్నీ ముట్టుకోలేదు.

గొలుసు ముసలమ్మ మంచం కింద గోనెసంచిలో ఉంది. తాళం కూడా దానికే ఉంది, తుప్పు పట్టి. తాళంచెవి కేలండర్ మేకుకి వేలాడుతోంది.

"ఆ కొత్త చొక్కా తీసేయమను," అన్నాడు కొలిన్.

తుకిరన్ గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. చొక్కాని తొడ మీద పెట్టుకుని, చేతులు లోపలికి మడిచి, దుకాణంలో మడత పెట్టినట్టే మడిచి వుర్యానికి ఇచ్చాడు. "కింద పెట్టకక్కా. హర్జితో అన్న కొన్నాడు." ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

అతను గుంజ దగ్గర కూర్చున్నాడు. ముసలమ్మ గొలుసు తెచ్చింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, గొలుసు నేల మీద ఈడ్చిన చప్పుడు వినగానే అతని కుడికాలు తనంతట తనే ముందుకి చాచుకుంది. సంత పశువు డెక్క ఎత్తినట్టు.



కెమెరా తిరగడం మొదలైంది. కొలిన్ మోకాళ్ళ మీద కూర్చుని మొహం మార్చుకున్నాడు. ఆ మొహం ఎలా వస్తుందో ఆమె చాలాసార్లు చూసింది. ముందు కనుబొమలు కలుస్తాయి, తర్వాత కళ్ళల్లో తడి, ఆపైన గొంతు బొంగురు.

"ఎన్నేళ్ళయింది ఇలా?" అన్నాడు.

వుర్యాని అడిగింది. తుకిరన్ అయోమయంగా చూశాడు. "ఐదు వారాలయిందిగా అక్కా, విప్పేసి?"

"పద్నాలుగేళ్ళు, అని చెప్పు తమ్ముడూ."

"పద్నాలుగేళ్ళు," అన్నాడు అతను బుద్ధిగా.

"తాళం వెయ్యలేదు," అన్నాడు కొలిన్, మామూలు గొంతుతో. "ఊరికే చుట్టినట్టు తెలిసిపోతోంది. తాళం వెయ్యమను. మైకు దగ్గర పెట్టు యానిక్, ఆ చప్పుడు కావాలి నాకు."

"తాళం అక్కర్లేదు కొలిన్."

"తాళంచెవి ఉందిగా? మళ్ళీ తీసేస్తాం. చెప్పు."

ఆమె చెప్పింది. ముసలమ్మ కొక్కెం నొక్కింది. టక్. చిన్న చప్పుడు. పాకలో మేకలు కూడా ఒక్క క్షణం నమలడం ఆపినట్టనిపించింది.

"చాలా బాగుంది. ఇంకొకసారి."

తీశారు. మళ్ళీ వేశారు. టక్. రెండోసారి మేక అరిచిందని మూడోసారి వేయించాడు.

ఈసారి తీయబోతే తాళంచెవి తిరగలేదు. ముసలమ్మ గట్టిగా తిప్పింది. సగం ముక్క ఆవిడ వేళ్ళలో మిగిలింది. సగం తాళంలో ఉండిపోయింది.

"అయిపోయిందా అక్కా?" అన్నాడు తుకిరన్.

వుర్యాని తాళం మీదికి వంగింది.

"టీ చల్లారిపోద్ది," అన్నాడు. తల్లి చేతిలో విరిగిన ముక్కని చూశాడు. కాలు లాగాడు. గొలుసు బిగిసింది. మళ్ళీ లాగాడు. ఈసారి అతని గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది, మనిషిది కాదు, బావిలో పడ్డ జంతువుది. ముసలమ్మ విరిగిన ముక్కని తాళంలో గుచ్చుతూ, "లేదు నాన్నా, లేదు నాన్నా, నేను కట్టలేదు," అంటోంది. అతని నిక్కరు తడిసి, తడి పెంటికల్లోకి పారింది. అతను తన మణికట్టుని పళ్ళతో పట్టుకున్నాడు.

"ఆపకు," అన్నాడు కొలిన్ గుసగుసగా. "ఆపకు యానిక్. దగ్గరికెళ్ళు. మొహం. మొహం తియ్యి."

వుర్యానికి ఆ గుసగుస చెవిలో పురుగు దూరినట్టు వినపడింది. చేతిలో ఉన్న గళ్ళ చొక్కాని కెమెరా మీదికి విసిరేసింది. అది కెమెరా కంటిని కప్పేసింది. యానిక్ దాన్ని తీయలేదు. కెమెరాని మెల్లగా కిందికి దించి, నేల మీద పెట్టి, గోడకి జేరబడిపోయాడు.

"పిచ్చెక్కిందా నీకు?" అన్నాడు కొలిన్.

ఆమె అప్పటికే పర్మిన్ ఇంటికి పరుగెత్తుతోంది.

ఇనుము కోసే రంపంతో ఆ తాళం తెగడానికి ముప్పావు గంట పట్టింది. రంపం జారితే కాలు తెగుతుందని పర్మిన్ తడిగుడ్డ చుట్టి, నోట్లో సిగరెట్టు ఆరిపోయినా చూసుకోకుండా కోశాడు. అంతసేపూ వుర్యాని తుకిరన్ కాలు కదలకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది. అతను ఆమె వైపు చూడలేదు. మధ్యలో హర్జితో వచ్చాడు. మోటారు సైకిల్ పడేసి లోపలికి వచ్చి, తుకిరన్ తల ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర ఏదో చెబుతూ కూర్చున్నాడు. తాళం తెగి పడ్డాక మాత్రమే వుర్యానితో మాట్లాడాడు.

"మిమ్మల్ని నమ్మి నేనే దారి చెప్పాను."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

*

కొలిన్ కారులో కూర్చుని ఉన్నాడు. ముసలమ్మ పెట్టిన బజ్జీలే ఎవరో పొట్లం కట్టి ఇస్తే తింటున్నాడు. మీసాల మీద నూనె మెరుస్తోంది.

"చూడు, జరిగింది బాధాకరమే," అన్నాడు నములుతూ. "నేనూ మనిషినే. కానీ పదిహేనేళ్ళలో ఇంత నిజమైన దృశ్యం నాకు దొరకలేదు. దాన్ని ఎవరూ నటించలేరు. చొక్కా పడేముందు దాకా ఉన్నది చాలు." వేళ్ళు తుడుచుకుని ఒక కాగితం తీశాడు. "వేలిముద్ర వేయించుకురా. నువ్వు కింద సాక్షి సంతకం పెట్టు."

ఆ కాగితం వుర్యానికి కొత్త కాదు. రెండు పేజీలు, చిన్న అక్షరాలు. ఇన్నేళ్ళలో కొన్ని వందల మందికి ఆమె దాన్ని ఒక్క మాటలో చెప్పింది: "మిమ్మల్ని కెమెరాలో తీసుకోవడం మీకిష్టమేనని రాసుంది." మనుషులు వేలు చాచేవాళ్ళు. ఆమె సిరా అద్దేది.

ఆమె కాగితం తీసుకుని వసారాలోకి వెళ్ళింది. తుకిరన్ లోపల పడుకున్నాడు. హర్జితో వేసిన సూదికి ఊపిరి నిదానంగా ఆడుతోంది. ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది, ఇంకెవరూ లోపలికి వెళ్ళకుండా.

"ఇది చదువుతాను పెద్దమ్మా. మొత్తం చదువుతాను. వినండి."

చదివింది. ఒక్క ముక్క వదలకుండా, కొండ యాసలోకి మార్చి మార్చి చదివింది. తీసిన బొమ్మా గొంతూ అన్నీ వాళ్ళవే. ఎలా కావాలంటే అలా కోసుకోవచ్చు, కలుపుకోవచ్చు. ఎవరికి కావాలంటే వాళ్ళకి అమ్ముకోవచ్చు. ప్రపంచంలో అన్ని చోట్లా చూపించుకోవచ్చు. ఇప్పుడున్న యంత్రాల మీదా, ముందు ముందు రాబోయే యంత్రాల మీదా. చదువుతుంటే ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్ని వందల సార్లు చేతులు మారిన కాగితాన్ని తనే ఎన్నడూ పూర్తిగా చదవలేదని ఆ వసారాలో తెలిసొచ్చింది.

ముసలమ్మ నిదానంగా అడిగింది. "వాడు ఒంటికి పోసుకున్నది కూడానా?"

"అది కూడా."

"అన్ని ఊళ్ళల్లోనా?"

"అన్ని దేశాల్లోనూ."

"ఎన్నాళ్ళు తల్లీ?"

"ఎప్పటికీ."

బయట మేకల్ని పర్మిన్ తోలుకుపోతున్నాడు.

"నేను పాపిష్టిదాన్నే," అంది చివరికి. "కన్నకొడుకుని కట్టేశాను. కానీ నేను కట్టింది పద్నాలుగేళ్ళే కదమ్మా. వీళ్ళు ఎప్పటికీ కడతారా?"



ముసలమ్మ కాగితం లాక్కుని, నాలుగు మడతలు పెట్టి, నడుం దగ్గర బట్టలో దోపుకుంది. "ఇది నా దగ్గరుంటుంది. వాళ్ళకి ఈసారి సరే అని చెప్పకు. వద్దంది అని చెప్పు. ఆ మాట వాళ్ళ భాషలో ఉందా?"

"ఉంది."

"అయితే చెప్పు."

వుర్యాని వెళ్ళి చెప్పింది. సాక్షి సంతకం కూడా పెట్టనంది. కొలిన్ అరవలేదు. అద్దం సగం దించి, "ఇకమీదట నీకు పని దొరుకుతుందనుకోకు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పళ్ళ సందులో చిక్కుకున్న బజ్జీ ముక్కనే చూస్తూ నిలబడింది ఆమె. అంత అసహ్యమైనది ఆ రోజు మొత్తంలో ఇంకేదీ చూడలేదేమో అనిపించింది. అంతలోనే, చూశానని గుర్తొచ్చింది. పెంటికలు చల్లిన తన చేతులు.

సంచి తీసుకుని కొండ దిగువకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

*

మూడు నెలలకి ఆ భాగం టీవీలో వచ్చింది. వుర్యాని మలాంగ్‌లో తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చూసింది. కాగితం లేదు కాబట్టి తుకిరన్ మొహాన్ని మసక చేశారు. మూలుగుని మసక చేయలేదు. నలభై సెకన్లు. పైన కొలిన్ బొంగురు గొంతు: ఈ రోజుకీ, ఈ క్షణానికీ, ఈ కొండల్లో ఈ మనిషి ఇలాగే ఉన్నాడని. హర్జితో లేడు. గంప లేదు. ఆమె పైకి లేచి, స్నానాల గదిలోకి వెళ్ళి, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

చానల్‌కి ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు, తను చేసిన పనులతో సహా రాసింది. "మీ ఆందోళనను నమోదు చేసుకున్నాము" అని జవాబొచ్చింది. మళ్ళీ రాసింది. అదే జవాబు, తేదీ మార్చి. ఆ రోజు తీసిన దాని గురించి తనూ ఎడిటింగ్ వాళ్ళతో గొడవపడ్డానని, ఆ కార్యక్రమం వదిలేశానని యానిక్ ఫోన్ చేశాడు.

"ఇంకో సంగతి," అన్నాడు. "నీకు చెప్పాలా వద్దా అని..."

"చెప్పు."

"ఆ తాళం చప్పుడు ఉంది చూడు. అది వాళ్ళకి బాగా నచ్చింది. ఇప్పుడు ప్రతి భాగం దాంతోనే మొదలవుతోంది. ఎక్కడిదైనా సరే. గనులదైనా, వేశ్యావాటికలదైనా. ముందు చీకటి, తర్వాత టక్, తర్వాత కొలిన్ పేరు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

కొలిన్ అన్నట్టే పని తగ్గింది. పూర్తిగా పోలేదు. వచ్చినవాళ్ళకి ముందే చెబుతోంది, కాగితం మొత్తం, కెమెరా పెట్టెలోంచి తీయకముందే, చదివి వినిపిస్తానని. ఇద్దరు సరేనన్నారు. నలుగురు ఇంకొకళ్ళని చూసుకున్నారు. కోర్టులో వలస కూలీల కేసులకి అనువాదం చేస్తూ రోజులు నెట్టుకొస్తోంది.

వానలు మొదలయ్యాక కొండ మీదికి వెళ్ళింది. ముందు హర్జితోని కలిసింది. ఆ రోజు తర్వాత తుకిరన్ ఇంట్లో పడుకోవడం మానేశాడట. మూడు వారాలు తనే వెళ్ళి ఆ పాకలో, గుంజ దగ్గరే పడుకున్నాడట. సూది వేయించుకోనని చెయ్యి లాగేసుకున్నాడట. బతిమాలి బతిమాలి మళ్ళీ దారికి తెచ్చారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు. గంపలు అల్లుతున్నాడు గానీ వసారాలో కాదు, పెరట్లో.

సైనెమ్ ఆమెని చూసి లేవలేదు. "నువ్వు చదివి చెప్పావు కాబట్టి గుమ్మం దాకా రానిచ్చాను," అంది. "టీ మాత్రం అడక్కు."

"అడగను పెద్దమ్మా. తమ్ముడికి ఒక మాట చెప్పుకుని వెళ్ళిపోతాను."

పెరట్లో వెదురు చీలుస్తున్న చప్పుడు ఆగింది. "అమ్మా," అని వినపడింది అక్కణ్ణుంచి, "ఆవిడ దగ్గర కెమెరా ఉందేమో చూడు."

వుర్యాని సంచి తెరిచి ముసలమ్మ ముందు పెట్టింది. ముసలమ్మ ఒక్కొక్కటే తీసింది. గొడుగు, నీళ్ళ సీసా, రుమాలు, వెదురు చీల్చుకోవడానికి అతనికని తెచ్చిన కొత్త కత్తి. ఫోన్ దగ్గర ఆగింది.

"ఫోనుందిరా."

"దాన్ని బయట పెట్టమను."

వుర్యాని వెళ్ళి ఫోన్‌ని దడి అవతల రాయి మీద పెట్టి వచ్చింది. అప్పటికే సన్నగా జల్లు పడుతోంది. వసారా మెట్టు మీద కూర్చుంది. చెప్పాలనుకున్న మాటని దారి పొడుగునా బస్సులో ఎన్నో రకాలుగా కూర్చుకుంది. ఇప్పుడు అందులో ఒక్కటీ నోటికి పట్టేలా లేదు. పెరట్లో చప్పుడు మళ్ళీ మొదలైంది, బద్ద తర్వాత బద్ద. ముసలమ్మ ఆమె పక్కనే కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటోంది.

అతను బయటికి రాలేదు. పన్నెండున్నర బస్సు హారను కింద మలుపులో వినపడ్డాక ఆమె లేచింది. కత్తిని మెట్టు మీదే వదిలేసి, గొడుగు వేసుకుని, రాయి మీద తడిసిన ఫోన్ తీసుకుని దిగిపోయింది.